పనసచెక్క డ్రాగన్

నేను చైనా చూడలేదు.
పడమర సాలూరు ఘాటీ మొదటి మలుపు దాకా,
తూర్పున చింతపల్లి సముద్రం దాకా,
అంతే నా భూగోళం.
అయినా గొల్లపల్లి బడిలో, ఏడో తరగతి బోర్డు మీద
డ్రాగన్ని గీస్తున్నాను.
తోక దగ్గరికొచ్చేసరికి సుద్దముక్క అయిపోయింది.

"పామేటండీ మేస్టారూ?"
పాము కాదమ్మా.
"మొసలేటండి?"
కాదు, వానల్ని మోసుకొచ్చేది.
"మరి రెక్కల్లేవు, ఎలాగెగురుద్దండి?"
డ్రాయింగు మాస్టరుకి ఒకటే సుఖం:
జవాబు తెలియనప్పుడు రంగు వేసుకోవచ్చు.

బొబ్బిలి బజారంతా తిరిగితే
ఎర్ర కాగితాలు పన్నెండే దొరికాయి.
మిగతా ఎరుపు ఎక్కడెక్కడి నుంచో వచ్చింది.
పాత శుభలేఖలు,
ఢిల్లేశ్వరి వాళ్లమ్మ చిరిగిన రవిక,
ఎలక్షన్లప్పటి జెండా ఒకటి,
గుర్తు కనపడకుండా తిరగేసి కుట్టాం.
సిమెంటు బస్తాలతో ఒళ్లు, కొబ్బరీనెలతో వెన్ను.
తల దగ్గర పని ఆగిపోయింది.
నేను అట్టముక్కలతో చేసింది
మేకపిల్లలా ఉందని అందరూ తేల్చేశారు.

మర్నాడు గౌరినాయుడు
తువ్వాల్లో ఏదో చుట్టి తెచ్చాడు.
విప్పితే, వీణ కొసన ఉండే యాళి.
మిటకరించిన గుడ్లు, బయటికొచ్చిన కోరలు,
చెవి పక్కన సన్నటి బీట.
"పగిలిపోనాదని మా తాత పక్కన పడీసాడండి.
మీరు గీసిన బొమ్మ మా ఇంట్లో ఉందండి,
ఇలాటివి తొమ్మిదున్నాయండి."
అప్పటిదాకా నేనొక్కణ్ణే
దాన్ని చైనా నుంచి మోసుకొస్తున్నాననుకున్నాను.
చేటకి కట్టి పైకెత్తాం.

ఏడాది చివర్న కొండ దిగొచ్చే మృగం కథ చెప్పాను.
దానికి ఎరుపంటే భయం, చప్పుడంటే భయం.
"మా చిన్నచెల్లికీ అంతేనండి" అన్నాడొకడు.
ఆ తరవాత నా మాట ఎవరికి వినపడింది!
మధ్యాహ్నం కంచాలన్నీ తాళాలైపోయాయి,
గరిటెకి సొట్ట పడిందని వంట పైడమ్మ
ఇప్పటికీ నాతో మాట్లాడదు.

కమిటీ ఛైర్మను మాత్రం గేటు దగ్గరే ఆగాడు.
"వాళ్లకీ మనకీ సరిహద్దు దగ్గర పేచీ కదండీ?"
నేను నీళ్లు నమిలాను.
డ్రాగన్ కడుపులోంచి ఎవరో అన్నారు,
"పండక్కేటి పేచీ, మావా? తోక పట్టుకో, ఒకలు తక్కువైనారు."
పట్టుకున్నాడు.

ఫోనులో ఆ దేశపు పాటొకటి పెట్టాను.
తాత తవిటయ్య మనవడి యాళిని చూసి పోదామని వచ్చి
తలుపు చెక్కకి ఆనుకుని విన్నాడు.
"మోహనలా ఉందే.
మధ్యమం, నిషాదం
ఎవరికో అప్పిచ్చీసి నడుస్తంది."

మాఘ పున్నమి సాయంత్రం
కాగితపు దీపాల బుట్టలు వరండా నిండా.
అక్కడి ఆచారమే, బుట్ట మీద పొడుపుకథ రాయాలి,
విప్పినవాళ్లకి చిక్కీ.
అక్కడా ఇక్కడా వెన్నెల ఒకటేనని
ఓ నాలుగు మంచి ముక్కలు సిద్ధం చేసుకున్నాను,
వినేవాళ్లు లేరు.
అందరూ బుట్టల కింద మెడలు చాపుకుని ఉన్నారు.

నాకు కాళ్లు నలభై, ఒకటీ నాది కాదు.
దీనికి చిక్కీ నిమిషంలో అయిపోయింది.
ఇంకోటి, పేరు రాయని బుట్ట, వంకర అక్షరాలు:

అడవిలో ఉన్నన్నాళ్లూ మూగది.
కడుపు తోడేశాక పాడింది.
ఏటది?

తవిటయ్యకి చదువు రాదు.
గౌరినాయుడు రెండుసార్లు చదివి వినిపించాడు.
ముసలాయన జవాబు చెప్పలేదు,
రెండు అరచేతులూ దీపం కిందికి తెచ్చాడు.
ఉలి గాట్లు, లక్క మరకలు,
బొటనవేలు పక్కన ఎప్పటిదో ఒక గుంట.

చిక్కీ ఆయనకే ఇచ్చారు.
పళ్లు లేవు.
చొక్కా జేబులో వేసుకుని,
చేట మీది యాళి చెవి దగ్గర
ఆ బీటని ఓసారి వేలితో తడిమి,
చీకట్లో ఇంటికెళ్లాడు.